కుక్క నోటి రొట్టె

దేవుడి మనుషుల్ని గుర్తుపట్టాలంటే బైబిలు చదవాలనీ, చరిత్ర తెలిసుండాలనీ ఇన్నాళ్లూ మనల్ని మోసం చేశారు. అవేవీ అక్కర్లేదు! చేతిలో ఫోన్ ఉంటే చాలు. బుర్రలో చదువు లేకపోయినా ఫర్వాలేదు, బ్యాటరీలో చార్జింగ్ ఉండాలి.

నవ్వకండి. నేను పల్లెటూరి బడిలో పలక మీద దిద్దుకున్నవాణ్ణి. మా పంతులు బెత్తం విరిగేలా నేర్పినదానికన్నా ఈ ఫోన్ నాకు ఎక్కువ నేర్పింది. పాపం, మా పంతులు నిజాలు మాత్రమే నేర్పేవాడు. ఫోన్‌కి ఆ ఇబ్బంది లేదు.

సంగతేమిటంటే, మా చర్చిలో గోడ పొడవునా పాతకాలపు పునీతుల విగ్రహాలున్నాయి. కింద పేర్లు లేవు. చర్చి కమిటీకి పెద్ద మా బావమరిది, అంటే మా ఆవిడకు స్వయానా తమ్ముడు. ఆయన ఎక్కణ్ణుంచో ఒక యాప్ తెచ్చాడు. విగ్రహానికి ఎదురుగా ఫోన్ పట్టుకుంటే, అది ఎగాదిగా చూసి, ఈయన ఫలానా అని చెప్పి, కథ కూడా వినిపిస్తుంది. గొంతులో తడబాటు లేదు. అబద్ధం చెప్పేటప్పుడు దగ్గు కూడా రాదు! నాకు అసూయ పుట్టిందంటే నమ్మండి. నేనైతే చిన్న కోత కోయాలన్నా ముందు గొంతు సవరించుకోవాలి.

మొదట ఫ్రాన్సిస్‌గారి దగ్గర ఫోన్ పెట్టాడు. ఆస్తంతా వదిలేసి పక్షులతో కబుర్లు చెప్పుకున్న పునీతుడాయన. భుజం మీద పావురం ఉంటుంది. ఫోన్ ఆ పావురాన్ని చూసింది. చూసి, "నోవహు. జలప్రళయం నాడు ఓడ కట్టిన భక్తుడు" అంది. నోవహు ఓడలోంచి పావురాన్ని వదిలాడు కదా! వాళ్లిద్దరి మధ్యా వేల ఏళ్లున్నాయంటారా? ఉంటే ఉండనివ్వండి. పావురానికి ఏం తెలుసు?

పైగా లాభం చూడండి. కాళ్లకు చెప్పులు కూడా లేని మనిషి ఏకంగా ఓడకు యజమాని అయ్యాడు. నిలబడ్డచోటు నుంచి కదలకుండా ఇంత పైకొచ్చినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? ఇప్పుడు ఇంటి కప్పు కారుతున్నవాళ్లంతా ఆయన దగ్గరికే వెళ్తున్నారు. వానల విషయంలో అనుభవం ఉన్న మనిషని!

తరవాతి వంతు అంతోనిగారిది. ఊళ్లో మనుషులు తన ప్రసంగం వినకపోతే, ఆయన ఏటి ఒడ్డుకు పోయి చేపలకు చెప్పాడట. కాళ్ల దగ్గర చేపలు తలలెత్తి శ్రద్ధగా వింటుంటాయి. మా చర్చి మొత్తం మీద ప్రసంగం వేళ నిద్రపోనివి ఆ చేపలే. వస్తువేదైనా పోతే అందరం ఆయన్నే అడుగుతాం. బీరువా తాళాలు పారేసుకోవడం మా ఆవిడకు వ్యసనం కాబట్టి, ఆయనకు మా ఇంటి పని ఎప్పుడూ ఉండేది.

ఫోన్ చేపల్ని చూసి, "యోనా. పెద్ద చేప మింగిన ప్రవక్త" అంది.

మా ఆవిడ చేతులు జోడించబోయి ఆగిపోయింది.

"ఏమండీ, ఈయనే చేప కడుపులో చిక్కుకుపోయాడట! నా తాళాలేం వెతికిపెడతాడు?"

"అడిగి చూడు. లోపలున్నప్పుడు ఎక్కడైనా కనబడ్డాయేమో."

"మీకు అన్నీ ఎకసెక్కాలే!"

ఆ రోజు నుంచి ఆవిడ తాళాలు నడుముకు కట్టుకుని తిరుగుతోంది. మళ్లీ పారేసుకోలేదు. ఇంతకు మించిన అద్భుతం ఏ పునీతుడు చేశాడో చెప్పండి!

ఇక రోకుగారు. మహమ్మారి వచ్చిన రోజుల్లో రోగులకు సేవ చేసి, తనకే ఆ రోగం తగిలితే అడవిలోకి పోయి పడుకున్నాడాయన. ఎవరిదో ఒక కుక్క రోజూ రొట్టె నోట కరుచుకొచ్చి బతికించింది. అందుకే విగ్రహానికి తొడ మీద పుండు, పక్కన రొట్టె పట్టుకున్న కుక్క. నా మనవరాలికి ఆ కుక్కంటే ప్రాణం. చర్చికొచ్చిన ప్రతిసారీ తల నిమురుతుంది. రంగు పోయి ఆ తల నున్నగా మెరుస్తుంటుంది.

ఫోన్ పుండు చూసింది, కుక్కను చూసింది. "లాజరు. ధనవంతుడి వాకిట పడివున్న బీదవాడు. కుక్కలు వచ్చి అతని పుండ్లు నాకేవి" అంది. బాగానే ఉంది. కానీ ఆ లాజరు రొట్టెముక్కల కోసం మొహం వాచి ఉన్నాడని బైబిల్లోనే ఉంది కదా. మరి కుక్క నోట్లో అంత రొట్టె ఎక్కడిది?

ఇంకొకడైతే ఫోన్‌ను అనుమానించేవాడు. మా బావమరిది విగ్రహాన్ని అనుమానించాడు!

"చెక్కినవాడి పొరపాటు బావా. యాప్‌లో లేని రొట్టె వీడికెక్కడ దొరికింది?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం! అప్పటికే యాప్ చెప్పిన పేర్లన్నీ రాతిపలకల మీద చెక్కించి గోడకు బిగించేశారు. పలక పీకితే గోడ పెచ్చులూడుతుంది. రొట్టె పీకితే ఏమూడుతుంది? అందుకని కమిటీ తీర్మానించింది. అంతోనిగారి చేపల్లో ఒకదాన్ని మనిషి పట్టేంత పెంచాలి. ఫ్రాన్సిస్‌గారి పక్కన జంతువుల్ని జతలు జతలుగా చేర్చాలి. ముందుగా, తేలికపాటి పని కాబట్టి, కుక్క నోట్లో రొట్టె చెక్కేయాలి.

శనివారం పొద్దున తాపీమేస్త్రి ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చాడు. నేను కర్ర పట్టుకుని వెళ్లేసరికి మా మనవరాలు కుక్క మెడ చుట్టూ చేతులేసి కూర్చుంది.

"మేస్త్రి మావయ్యా, రొట్టె తీసేస్తే ఆయనకి అన్నం ఎవరు పెడతారు?"

మేస్త్రి ఉలి దించాడు. "అదీ నిజమేనండీ" అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

"లే అమ్మలూ, అడ్డం లే" అన్నాడు మా బావమరిది. "ఆయన లాజరు. పలక మీద రాసుంది, కనపడట్లా?"

"రోకు అని తాత చెప్పాడు."

"మీ తాత కోతలు నాకు తెలీవా! ఆ కుక్క బేకరీ ముందు వరసలో నిలబడి రొట్టె కొనేదని చెప్పుంటాడే?"

"చెప్పాడు. నిన్నటి రొట్టె ఇస్తే మొరిగేదని కూడా చెప్పాడు. అది అబద్ధమని నాకు తెలుసు చిన్నతాతా. కానీ మనిషి మాత్రం రోకే!"

విన్నారా? నా అబద్ధాలన్నీ కుక్క మీదే. మనిషిని ఎప్పుడైనా మార్చానా? కోతలు కోసేవాడికి కూడా పొలం ఎవరిదో తెలిసుండాలి కదా!

"ఈ గొడవెందుకు, ఫోన్‌నే అడుగుదాం" అని మా బావమరిది చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే నేను పిల్లను లేపడానికి ముందుకు వంగాను. తెల్లగడ్డం, భుజాన దుప్పటి, చేతిలో కర్ర. ఫోన్ నన్ను చూసింది.

"మోషే" అంది. "దేవుని ఆజ్ఞలను కొండ మీద నుండి తెచ్చిన నాయకుడు."

మేస్త్రి నవ్వు ఆపుకోలేక మొహం గోడకు తిప్పుకున్నాడు. మా బావమరిది ఫోన్ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు.

"ఏరా, నేనెవర్ని?"

"ఉండు బావా, వెలుతురు చాల్లేదేమో" అని ఇంకోసారి ఫోన్ ఎత్తాడు!

నేను కర్రతో నేల మీద ఒక్కటిచ్చాను. "మోషే చెబుతున్నాడు, రాసుకో! కుక్క నోటి రొట్టె తీయరాదు. నేను మోషేను కానంటావా, అయితే యాప్ తప్పు. పలకలన్నీ పీకు. మోషేనే అంటావా, ఆజ్ఞ మీరకు. ఏది కావాలో తేల్చుకో."

"నాకైతే ఆజ్ఞ అందిందండీ" అని మేస్త్రి ఉలి సంచీలో పడేసుకున్నాడు. మా బావమరిది ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మా మనవరాలు కుక్క తల నిమిరి లేచింది.

కాబట్టి మహాజనులారా, ఆ రొట్టెను కాపాడింది ఆ యాపే! దాన్నెవరైనా ఒక్క మాటంటే నేనూరుకోను. ఫ్రాన్సిస్‌గారు ఓడ ఏలుకుంటూ ఉండనీ. చేపలు మాత్రం ఇంకా చిన్నవే, వింటున్నాయి.

మా పెళ్లినాటికి మా బావమరిది చిన్నపిల్లాడు. చర్చికి వెళ్లాలంటే నా భుజాలెక్కి, రెండు చెవులూ పట్టుకుని కూర్చునేవాడు. నా చెవులు ఎటు తిరిగి ఉంటాయో వాడికి తెలిసినంత మా అమ్మకు కూడా తెలీదు. వాడు, నేనెవరో ఫోన్‌ని అడిగాడు. ఒకసారి కాదు, వెలుతురు చూసుకుని రెండోసారి.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం అలవాటు ప్రకారం భోజనానికి వచ్చాడు. గుమ్మం బయట నుంచి "బావా!" అన్నాడు.

"ఇక్కడ బావలెవరూ లేరు. మోషే ఉన్నాడు."

"తలుపు తియ్యి బావా, నువ్వెవరో నాకు తెలీదా?"

"చూసి చెబుతున్నావా, చూడకుండానా?"

లోపల్నుంచి మా ఆవిడ తాళాల గుత్తి గలగలలాడించింది. "తమ్ముణ్ణి వాకిట్లో నిలబెడతారా, సిగ్గు లేదూ!"

బయట చెప్పులు విడిచిన చప్పుడైంది.

"ఫోన్ తేలేదు బావా" అన్నాడు చివరికి. "ఇంట్లో పెట్టొచ్చాను."

తలుపు తీశాను.