మూత సందు చేసిన మేలు

మగవాడి చేత చీపురూ బ్రష్షూ పట్టించే శక్తి ఈ లోకంలో ఒక్కదానికే ఉంది. పండగకా? కాదు. పెళ్లాం మాటకా? ఛ! బార్బెక్యూ స్మోకర్ మూతలోంచి కారే పొగకు!

స్మోకర్ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. అదొక పెద్ద ఇనుప డబ్బా. అడుగున కట్టె రాజేసి, పైన మాంసం పెట్టి మూత బిగిస్తే ఐదారు గంటలు పొగలోనే మగ్గుతుంది. మన అవ్వలు ఏ పొగ భరించలేక గ్యాస్ పొయ్యి తెచ్చుకున్నారో, ఆ పొగనే మనం మూతపెట్టి దాచుకుంటున్నాం. అభివృద్ధి అంటే ఇదే!

ఆ మూత అంచుకు చుట్టూ ఒక నల్ల పట్టీ అంటించి ఉంటుంది. దాన్నే గ్యాస్కెట్ అంటారు. అది కాలి చిరిగితే సందులోంచి పొగ కారుతుంది. పొగ కారితే మగవాడు కదులుతాడు.

నమ్మరా? అయితే హోసూరు సెల్వరాజ్ సంగతి వినండి.

సెల్వరాజ్ సొంతూరు సామల్పట్టి. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. విదేశీ మేనేజర్ ఒకాయన ఊరికి తిరిగి వెళ్లిపోతూ తన స్మోకర్‌ను ఇతనికి ఇచ్చేశాడు. రెండేళ్లుగా అది మిద్దె మీద, కొడుకులా పెరుగుతోంది. మొన్నొక ఆదివారం మూత చుట్టూ పొగ కారడం చూసి అతని ప్రాణం విలవిల్లాడిపోయింది. ఆ పూటే ఆన్‌లైన్‌లో కొత్త గ్యాస్కెట్‌కు ఆర్డర్ పెట్టాడు.

పట్టీ వచ్చింది. రాగానే అంటించేస్తారా? జిడ్డు మీద జిగురు పట్టదు. ముందు శుభ్రత! శనివారమంతా సెల్వరాజ్ మిద్దె దిగలేదు. పాత పట్టీని గీరాడు. ఊడని జిగురు మీద వేడినీళ్ల గుడ్డ కప్పి, నానబెట్టి, మళ్లీ గీరాడు. రెండేళ్ల కొవ్వూ మసీ కలిసి తారులా పేరుకుంటే పళ్లు తోమే బ్రష్‌తో అంగుళం అంగుళం తోమాడు. మొబైల్‌లో ఇరవై రెండు అంశాల చెక్‌లిస్టు! తాను తాగిన కాఫీ లోటా ఏనాడూ కడిగి ఎరగని మనిషి! చూశారా మూత సందు మహిమ?

అదే సమయంలో కింద వంటింట్లో ఇంకో మూత కూడా కారుతోంది. చిన్న విషయం. మీ సమయం వృథా చేయను. ప్రెషర్ కుక్కర్.

మూడు నెలలుగా దాని రబ్బరు వదులైపోయింది. ఆవిరి పక్కల నుంచి పోతుంది, విజిల్ రాదు, పప్పు ఉడకదు. సెల్వరాజ్ భార్య నేత్ర కూడా ఇంకో ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆరుంబావుకు వీధి చివరికి కంపెనీ బస్సు వస్తుంది. పప్పు ఉడక్క ఇప్పటికి రెండుసార్లు బస్సు తప్పింది. మూడోసారి తప్పితే నైట్ షిఫ్టే అని లైన్ లీడర్ చెప్పేసింది. నైట్ షిఫ్టు అంటే ఐదేళ్ల సింధు అమ్మ లేకుండా పడుకోవాలి. అందుకని నేత్ర రోజూ తెల్లారకముందే లేచి, ఆ రబ్బరును ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక బిగించి, విజిల్ కోసం చెవి ఒగ్గి నిలబడుతుంది. ఏకాగ్రత పెరుగుతుంది. ఇదీ మేలే కదా!

శనివారం సాయంత్రం ఆమె మిద్దె మెట్ల దగ్గరికొచ్చి అడిగింది.

“మామా, కుక్కర్ రబ్బరు తెచ్చినావా?”

“తెస్తాలే. ఈడ మూత పని ఉండాది, కనబళ్లేదా?”

ఆదివారం పొద్దున కొత్త పట్టీ అంటించాడు. ముడత లేదు, సందు లేదు. మధ్యాహ్నానికి మేనేజర్ ఈశ్వరప్రసాద్‌నూ, డిపార్ట్‌మెంట్‌లో మరో ముగ్గురినీ భోజనానికి పిలిచి ఉన్నాడు. అంతా అయ్యాక పట్టీతో వచ్చిన కాగితంలో చివరి వాక్యం చదివాడు. అంటించాక ఒక రోజంతా మూత తెరవరాదు!

పోనీలే, మటన్ కుక్కర్‌లో పడేస్తే సరి అనుకుంటూ కిందికి దిగాడు. అప్పటికే అతిథులు వచ్చేశారు. కుక్కర్ పిడికి ఎర్ర కార్డు వేలాడుతోంది.

ఫ్యాక్టరీల్లో చెడిపోయిన మిషన్‌కు తగిలించే కార్డు అది. రిపేరు చేసి, ఫిర్యాదు చేసినవాళ్ల చేత సంతకం పెట్టించుకునేదాకా ఆ మిషన్‌ను ఎవరూ ముట్టకూడదు. సెల్వరాజ్ తన చేత్తో వందల కార్డులు తగిలించినవాడే. ఈ కార్డు మీద నేత్ర గుండ్రటి అక్షరాలున్నాయి. ‘మిషన్: కుక్కర్. లోపం: మూత గ్యాస్కెట్. పెండింగ్: 92 రోజులు. బాధ్యుడు: సెల్వరాజ్, మెయింటెనెన్స్.’

నేత్ర హాల్లో కూర్చుని సింధుకు జడ వేస్తోంది.

“ఏందే ఇది? అందరూ వచ్చేసినారు!”

“కార్డు ఉండే మిషన్ ముట్టకూడదు కదా మామా. నువ్వే చెప్పినావు.”

మంచినీళ్ల కోసం వంటింటి గడప దాకా వచ్చిన ఈశ్వరప్రసాద్ ఆగిపోయాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి హోసూరులో స్థిరపడ్డవాడు. ఎర్ర కార్డు కనబడితే చదవకుండా పోలేని మనిషి.

“ఏంటయ్యా సెల్వరాజూ, తొంభై రెండు రోజులా? మన ప్లాంటులో వారం దాటితే నిన్ను వదిలేవాణ్ణా?”

సెల్వరాజ్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. వీధి మలుపులోనే పాత్రల అంగడి. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. గీరడం లేదు, నానబెట్టడం లేదు, చెక్‌లిస్టు లేదు, రోజంతా ఆగడం లేదు. రబ్బరును బొటనవేలితో మూతలోకి నొక్కాడు. అయిపోయింది!

కార్డులో ఇంకొక గడి మిగిలింది. ‘జాప్యానికి కారణం.’ సెల్వరాజ్ అలవాటుగా ‘సమాచారం అందలేదు’ అని రాశాడు. నేత్ర చదివి తిరిగిచ్చేసింది.

“ఇది కాదు మామా. నిజం రాయి.”

నలుగురు అతిథులూ గోడలు చూస్తున్నారు. సెల్వరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. మొదటి వాక్యం కొట్టేసి కింద రెండు మాటలు రాశాడు. ‘విన్నాను. లేవలేదు.’

నేత్ర రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది. మూడు నెలల కోపంలో సగం అప్పుడు దిగింది. మిగతా సగం దాచుకుంది. సోమవారం తెల్లవారుజామున కుక్కర్ మూడు విజిళ్లు వేసింది, ఆరుంబావు బస్సులో నేత్రకు కిటికీ పక్క సీటు దొరికింది.

కాబట్టి మూత సందును తిట్టకండి. పొగ కారబట్టే శుభ్రత జరిగింది, శుభ్రత జరగబట్టే భోజనానికి పిలుపులు వెళ్లాయి, మేనేజర్ రాబట్టే కార్డు చదివే దిక్కు దొరికింది. తొంభై రెండు రోజులు పెళ్లాం నోటితో చెబితే అందని సమాచారం, మేనేజర్ ఒక్కసారి చదివితే అందింది. ప్రతి ఇంటికీ ఒక స్మోకర్ కావాలంటాను, కాదంటారా?

ఇంకా చాలా ఉదాహరణలు చెప్పాలనుంది. కానీ ఇది రాయడానికి కూర్చున్నప్పటి నుంచి మా వంటింట్లోంచి నన్ను నాలుగుసార్లు పిలిచారు.

విన్నాను. లేవలేదు.