గేటు బయట వయసు పెరగదు

సరుకుతో వచ్చిన లారీని మూడు రోజులు గేటు ముందు ఊరికే నిలబెట్టడం కంటే డ్రైవరుకి చేసే మేలు ఇంకొకటి లేదండి. ఇది నేను కూర్చుని ఆలోచించి చెబుతున్న మాట కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు నిలబడి చెబుతున్న మాట.

నేను చదివింది మూడో తరగతి. మాట్లాడేది అంతకంటే తక్కువ. నాకో ఆరు చక్రాల సొంత లారీ ఉంది. ఓనరూ నేనే, డ్రైవరూ నేనే, క్లీనరూ నేనే. అందుకని మాలో మాకు గొడవలు రావు. "ఇన్ని రోజులు నిలబెట్టారు, హాల్టింగు ఇప్పించండి" అని డ్రైవరు అడుగుతాడు. ఓనరు కిటికీలోంచి పొలాలకేసి చూస్తాడు. క్లీనరు దిగి టైర్లు తడుతూ తిరుగుతాడు. ఏ యూనియన్లో ఉందండీ ఇంత ఐకమత్యం?

హాల్టింగు అంటే, సరుకు దించుకోవడం ఆలస్యమైతే ఆ ఆలస్యానికి లారీకి ఇచ్చే డబ్బు. పేరు విన్నాను. ముఖం ఎప్పుడూ చూడలేదు.

మొన్న మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, నాగాయలంకలో ఎత్తిన ధాన్యంతో పామర్రు దాటి, గుడివాడ దారిలో ఓ రైసు మిల్లు దగ్గరికి చేరాను. నాకు ముందు నలభై లారీలు. గురువారం పదింటికి బందరులో మా ఆవిడ సావిత్రికి కంటి శుక్లం ఆపరేషను. "ఆ పూట మీరు పక్కనుంటే చాలు" అంది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మంగళవారానికీ గురువారానికీ మధ్య బోలెడు టైముంది కదా అని నేనూ తలూపాను.

గేటు దగ్గర రిజిస్టరు రాసే లోహిత్ని అడిగాను.

"గంటలో పిలుస్తాం పెద్దాయనా" అన్నాడు.

మిల్లువాళ్ళ గొప్పతనం ఇక్కడే ఉంది. మూడు రోజులు పడుతుందని చెబితే మనిషి దిగులు పడతాడు. బండికి తాళం వేసి బస్సెక్కి ఇంటికి పోతాడు. గంట అంటే ఆశగా ఉంటాడు. నన్ను మంగళవారం పన్నెండు సార్లు ఆశగా ఉంచారు. బుధవారం పద్నాలుగు సార్లు. ఏ గుళ్ళో దొరుకుతుందండీ ఇంత నమ్మకం?

అక్కడ మరుగుదొడ్డి లేదు. తప్పు పట్టకండి. గంటలో పిలుస్తారు కదా, గంటసేపు ఆపుకోలేమా? నీళ్ళు తాగడం మానేశాం. నీటి పొదుపు మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళు వచ్చి మమ్మల్ని చూడాలి.

మొన్నటి జల్లుకి పైన కప్పిన బరకం చిరిగి, నా ముందు లారీలో ధాన్యం మొలకెత్తింది. ఇంకో వారం ఉంచితే అక్కడే ఊడ్పులు పెట్టుకునేవాళ్ళం. వెనక రెండు లారీల వాళ్ళు వియ్యం కూడా అందుకున్నారు. బండ్లు ఖాళీ అయ్యాక ముహూర్తం పెట్టుకుందాం అనుకున్నారు. ఆ పిల్ల పెళ్ళెప్పుడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

బుధవారం సాయంత్రం సావిత్రి ఫోను చేసింది.

"రేపు పదింటికండీ. గుర్తుందా?"

"గంటలో బయల్దేరతా" అన్నాను. లోహిత్ నాకిచ్చిన గంటే, విప్పకుండా అలాగే ఆవిడకిచ్చాను.

గురువారం తెల్లారగానే, పెడన బండి డ్రైవరు వీరేంద్ర వచ్చి నా తలుపు మీద కొట్టాడు. "బాబాయ్, నువ్వు బస్సెక్కి వెళ్ళిరా. నీ బండి నేను ముందుకి జరుపుతాలే."

"నా బండి రెండో గేరు ఇంకొకళ్ళకి పడదురా."

"రెండో గేరు దేనికి బాబాయ్? ఇక్కడికొచ్చాక మొదటిదే సరిగ్గా వాడలేదు నువ్వు."

నిజమే. దిగి చెప్పులు కూడా వేసుకున్నాను. అంతలో లోహిత్ అటుగా వచ్చి "అరగంటలో పిలుస్తాం పెద్దాయనా" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో అరగంట అనే మాట చెవిన పడడం అదే మొదలు. అంత అపురూపమైన అరగంటని రోడ్డు మీద వదిలేసి ఎవరు వెళ్తారండీ? నేను వెళ్ళలేదు. చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కి కూర్చున్నాను.

పది దాటాక పక్కింటి అన్నమ్మ ఫోను చేసింది. ఆవిడే సావిత్రిని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"లోపలికి తీసుకెళ్ళారు అన్నయ్యగారూ. మీరొచ్చారా అని రెండుసార్లు అడిగింది. దారిలో ఉన్నారని చెప్పాను."

అన్నమ్మ అబద్ధం ఆడలేదు. తొమ్మిది లారీల వెనక, నేను దారిలోనే ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం గేటు తీశారు. కాటా వేశారు, ముఠా కూలీలు బస్తాలు దించారు, లోహిత్ చీటీ చింపి ఇచ్చాడు. లోపలికి వచ్చింది శుక్రవారం 3.10. బయటికి వెళ్ళింది 4.05.

"యాభై ఐదు నిమిషాలు. ఈ సీజనుకి మీదే రికార్డండి" అన్నాడు.

మూడు రోజులుగా ఓ మాట కూడబలుక్కుని ఉంచుకున్నాను. దాన్ని బయటికి తీశాను. "వచ్చింది మంగళవారం అని రాయి బాబూ."

"గేటు దాటాకే మా లెక్కండి. బయట రోడ్డు మీద మీరేం చేశారో మాకేం తెలుసు?"

"నిలబడ్డాను."

"అక్కడ నిలబడొద్దని బోర్డు పెట్టాం కదండీ."

చూశాను. పెట్టారు. మూడు రోజులూ ఆ బోర్డుకే వీపు ఆనించి కూర్చున్నాను.

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. కాగితం ప్రకారం నేను జీవితంలో ఎక్కడా, ఎప్పుడూ, ఒక్క పూట ఆగలేదు. ఆగని రోజులకి కూలి ఏమిటి? ఆ మాటకొస్తే లేని రోజుల్లో వయసు మాత్రం ఎలా పెరుగుతుంది? నాకిప్పుడు అరవై ఆరు. క్యూలన్నీ తీసేస్తే యాభై కూడా నిండవు. ఇంతకంటే మేలు ఏ మందు చేస్తుందండీ?

ఈ శుభవార్త పట్టుకుని ఇంటికి వెళ్ళాను. సావిత్రి నల్ల కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడట. నెమ్మదిగానే మాట్లాడింది. గట్టిగా మాట్లాడినా బాగుండేది.

"మిల్లు దగ్గరే ఆగిపోయానే" అని చీటీ ఇచ్చాను. అన్నమ్మ చదివి వినిపించింది.

సావిత్రి నల్లద్దాల్లోంచి నాకేసి చూసింది. "శుక్రవారం మూడింటికి వెళ్ళారని ఉందిగా. మంగళవారం నించి అప్పటిదాకా ఎక్కడున్నారు మరి?"

నా దగ్గరున్న రుజువు ఆ చీటీ ఒక్కటే. అది ఆవిడ పక్షాన నిలబడింది.

కాబట్టి ఇది చదివేవారికి నా మనవి. ఆ మూడు రోజులూ గుడివాడ రోడ్డు మీద నన్ను ఎవరైనా చూసి ఉంటే, దయచేసి ఒక్కసారి మా ఇంటికొచ్చి, చూశామని మా ఆవిడకి చెప్పి వెళ్ళండి. మిల్లువాళ్ళని అడిగాను. వాళ్ళు చూడలేదట.