పెంచలయ్య మాస్టారి ముఖం సరిపోలలేదు

మనిషికి ముఖం ఉండటం ప్రకృతి చేసిన ఏర్పాటు. ఆ ముఖం ఆ మనిషిదేనని ఒప్పుకోవడం ప్రభుత్వం చూపే దయ. మొదటిది పుట్టుకతో వస్తుంది. రెండోది పనిదినాల్లో ఉదయం ఎనిమిదీ నలభై అయిదుకూ తొమ్మిదికీ మధ్య మాత్రమే వస్తుంది. ఉదయగిరి నుంచి దుత్తలూరు వెళ్ళే దారిలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పెంచలయ్య మాస్టారు తన రెండో ముఖాన్ని జులై నెల ఒక సోమవారం, ఎనిమిదీ యాభై రెండు నిమిషాలకు పోగొట్టుకున్నారు.

పోయిన చోటు బడి వరండా. పోయిన విధానం, 'ముఖసాక్షి' యాప్ ఎదుట నిలబడగా. చూసినవారు తోటి టీచరు నవ్యశ్రీ, వంటమనిషి చెంచమ్మ, పంతొమ్మిది మంది పిల్లలు.

తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి. "ముఖం సరిపోలలేదు. సరిపోలిక 61 శాతం. కనీస అర్హత 75."

నవ్యశ్రీ అప్పటికే తొంభై ఒక్క శాతంతో హాజరై ఉంది. "కళ్ళజోడు తుడిచి చూడండి సార్," అంది.

తుడిచి చూశారు. 58.

"ఒకసారి నవ్వండి సార్."

నవ్వారు. 43.

"వద్దులే సార్, మామూలుగా ఉండండి."

"మామూలుగానే ఉండానమ్మా," అన్నారు మాస్టారు.

సాంబారుకు తెచ్చిన గుమ్మడికాయను చంకన పెట్టుకుని చెంచమ్మ తొంగి చూసింది. "ఏంది సారూ, ఆ ఫోనుకు గాని కళ్ళు పోయినాయా? ఇరవై ఏళ్ళ నించి చూస్తా ఉండాను, మీ మొకం నాకు తెల్దా? నన్నడగమనండి, నేను చెప్తా."

(చెంచమ్మ సాక్ష్యం చెల్లదు. ఆమె ముఖమే యాప్‌లో లేదు.)

మాట్లాడుతూ ఆమె మాస్టారి పక్కకు జరిగేసరికి ఫోను చూపు గుమ్మడికాయ మీద పడింది. "66 శాతం. దయచేసి వెలుతురులోకి రండి," అని తెలిపింది యాప్. వెలుతురులోకి తీసుకెళ్తే గుమ్మడికాయ ఆ రోజుకు ప్రధానోపాధ్యాయుడు అయిపోయే ప్రమాదం ఉంది కనుక ఎవరూ సాహసించలేదు. తొమ్మిది దాటింది. పెంచలయ్య మాస్టారు బడికి రాలేదని నమోదైంది. ఆ సంగతి ఆయన మూడో తరగతికి ఆరో ఎక్కం చెబుతుండగా ఆయన ఫోనుకే సందేశంగా వచ్చింది.

కారణం ఆయనకు తెలుసు. అది ముందురోజు, ఆదివారం సాయంత్రం జరిగింది.

మాస్టారు ఒక సీరియల్‌కు అభిమాని. ఆ మాట ఆయన ఒప్పుకోరు, 'చూస్తుంటాను' అంటారు. భూమి నుంచి బయలుదేరి నలభై ఏళ్ళుగా ఎక్కడికీ చేరని ఒక అంతరిక్ష నౌక కథ అది. ఎక్కడో పరాయి దేశంలో తీసి తెలుగు మాటలు అతికించారు. కావాలంటే భాగాలన్నీ ఒక్కసారే చూసేయొచ్చు. మాస్టారు మాత్రం ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒక్క భాగమే చూస్తారు, కాలపట్టిక కాలపట్టికే. చూశాక ఒక నోటుపుస్తకంలో ఎర్రసిరాతో ఇరవై అయిదుకు మార్కులు వేస్తారు. శూన్యంలో పేలుడు చప్పుడు వినిపిస్తే రెండు మార్కులు కోత. బరువే లేని చోట మనుషులు నేలమీద దర్జాగా నడిస్తే మూడు. (మొదటి సీజన్‌కు సగటున పదకొండు వచ్చాయి. ఆయన చేతిలో అది ఫస్టు క్లాసు కింద లెక్క.) ఆ సీజన్‌లో కొన్ని అంకెలు కొట్టేసి, పక్కన రెండు ఎక్కువ వేసి ఉంటాయి. భార్య సుకుమారి పక్కన కూర్చుని, "పాపం, వాళ్ళు మాత్రం ఏం జేస్తారు, ఇంకో రెండేయండి," అన్నప్పటివి అవి. రెండో సీజన్ వచ్చేసరికి ఆమె లేదు. అంకెలు కొట్టివేతలు లేకుండా శుభ్రంగా ఉన్నాయి.

రెండో సీజన్ ఏడో భాగంలో నిజానికి పెద్దగా ఏమీ జరగదు. ఆ నౌకలో బుడ్డి అనే యంత్రం ఉంది. మోకాలెత్తు ఉంటుంది, ముఖం ఉండాల్సిన చోట ఒక దీపం ఉంటుంది. రోజూ పొద్దున అందరి పేర్లూ పిలిచి హాజరు వేసుకోవడం దాని పని. ఆరో భాగంలో నౌకలో మొక్కలు పెంచే ఆవిడ చనిపోయింది. ఏడో భాగంలో బుడ్డి ఎప్పటిలాగే పేర్లు పిలుస్తూ ఆవిడ పేరు కూడా పిలిచింది. మూడు సెకన్లు ఆగింది. తరువాతి పేరు పిలిచింది.

మాస్టారు టీవీ కట్టేశారు. ఎర్రసిరా పెన్ను మూత తీశారు. మార్కులు వేయలేదు. కాసేపటికి పక్కింటి వెంకటసుబ్బమ్మ ప్రహరీ మీంచి తల పెట్టి చూసేంత చప్పుడు ఆ ఇంట్లోంచి వచ్చింది.

"ఏం సార్, ఒంట్లో బాగలేదా?"

"సీరియల్ చూసినానమ్మా."

"అంతేనా సార్. నేను గూడా ఆ కోడల్ని ఇంట్లోంచి గెంటేసిన రోజు రెండు పూటలు అన్నం తిన్లా," అని ఆమె నిశ్చింతగా లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక విషయం నమోదు చేయాలి. పది నెలల కిందట, సుకుమారి పోయిన నాలుగో రోజు ఉదయం, మాస్టారు ఇదే వరండాలో ఇదే యాప్ ఎదుట నిలబడ్డారు. సరిపోలిక 97 శాతం. ఆ నెలలో డివిజన్ మొత్తానికి అదే అత్యధికం. ముఖంలో ఏ భావమూ లేకుండా నిలబడాలన్నది నిబంధన. దాన్ని ఇంత చక్కగా పాటించినందుకు ఆయన ఫోనుకు ఒక ప్రశంసాపత్రం వచ్చింది.

సోమవారం పోయిన ముఖం మంగళవారం రాలేదు, బుధవారం రాలేదు. గురువారం మెమో వచ్చింది. పంపినవారు ఆత్మకూరులోని డివిజనల్ ముఖ పునరుద్ధరణ కేంద్రం. అందులో మూడు అంశాలున్నాయి. ఒకటి, తాము మూడు రోజులుగా బడికి రాకుండానే పాఠాలు చెబుతున్నట్లు తెలియవచ్చినది. రెండు, సోమవారం తమ స్థానంలో గుండ్రని ముఖం గల వేరొక వ్యక్తిని నిలబెట్టుటకు ప్రయత్నించినట్లు యాప్‌లో ఫొటో కలదు. సదరు వ్యక్తి ఉద్యోగి సంఖ్య తెలుపవలెను. మూడు, పదిహేను పనిదినాలలోగా ముఖమును పునరుద్ధరించుకొననిచో తొమ్మిదో నియమం ప్రకారం ముఖం లేని వ్యక్తిని లేని వ్యక్తిగా భావించి, బడి పట్టీ నుంచీ, దానికి అనుసంధానమైన ఇంటి వివరాలు మొదలైన అన్ని రికార్డుల నుంచీ పేరు తొలగించబడును.

మాస్టారిది ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఆయన పట్టీలో ఇంతవరకు ఏ పిల్లవాడి పేరూ పొరపాటున కొట్టేసింది లేదు. తన పేరు తొలగిస్తారన్న వాక్యాన్ని ఆయన రెండుసార్లు చదివారు. ఒక్క అక్షరదోషం కూడా లేదు.

మరునాడు నవ్యశ్రీకి తరగతులు అప్పగించి ఆత్మకూరు బస్సెక్కారు. సెలవు పెట్టబోతే యాప్ తీసుకోలేదు. (రాని మనిషికి సెలవెందుకన్నది దాని తర్కం. తప్పు పట్టలేం.)

కేంద్రం బస్టాండు వెనక, ఎరువుల అంగడి మీద రెండో అంతస్తులో ఉంది. ముఖ నిర్ధారణాధికారి సురేశ్‌బాబు ముప్పై అయిదేళ్ళ మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించాడు.

"కూర్చోండి సార్. ఆ గుమ్మడికాయ మీరేనా?"

"గుమ్మడికాయ వేరే. నేను పెంచలయ్యను."

"అదే గదా సార్ తేలాల్సి ఉండేది," అని అతను ఒక ఫారం ఇచ్చాడు. ముఖం మారడానికి కారణం: ప్రమాదం, శస్త్రచికిత్స, గడ్డం లేదా మీసం, వయసు, దుఃఖం, ఇతరములు. మాస్టారు చాలాసేపు ఆలోచించి 'ఇతరములు' దగ్గర గుర్తుపెట్టి, 'ఒక యంత్రం పేరు పిలవగా చూచుట' అని గుండ్రటి అక్షరాలతో రాశారు.

సురేశ్‌బాబు చదివి నిట్టూర్చాడు. "మీసమని రాసేయండి సార్. నిన్న మర్రిపాడు సారొకాయన మీసం తీసేసినాడని రెండు నిమిషాల్లో పంపించేసినా."

"నాకు మీసం లేదు నాయనా."

"పెంచి తీసేయండి."

"పదిహేను దినాల్లో అంత రాదు."

ఇద్దరూ కాసేపు ఆ మీసం గురించే ఆలోచించారు.

"పోనీ దుఃఖం కింద చూస్తాం," అని సురేశ్‌బాబు ఏడో భాగం కథంతా చెప్పించుకుని నిబంధనలు తీశాడు. "పోయినవాళ్ళు మీ కుటుంబంలో వాళ్ళయి ఉండాల. పదిహేను రోజుల్లోపల ఏడ్చి ఉండాల. దాటితే కాలాతీత దుఃఖం, జిల్లా పర్మిషన్ కావాల. ఆ మొక్కలామె మీకేమవుతాది సార్?"

"ఏమీ కాదు."

"ఆ బుడ్డి?"

"ఏమీ కాదు."

"మరెందుకు సార్?"

మాస్టారు జవాబును మనసులో ఒకసారి దిద్దుకున్నారు. "పేరు పిలిచి ఆగింది నాయనా."

సురేశ్‌బాబు 'ఆగినది' అని టైపు చేశాడు. ఆధారం జతచేయమంది కంప్యూటరు.

ఆధారం చూడనిదే ఫైలు కదలదు కనుక సురేశ్‌బాబు అధ్యక్షతన ఒక త్రిసభ్య సంఘం ఏడో భాగం చూసింది. ముందరివి చూడకపోతే అర్థం కావడం లేదని ఏకగ్రీవంగా తీర్మానించి, మొదటి సీజన్ ఒకటో భాగం నుంచి మొదలుపెట్టింది. దీనికి నాలుగు పనిదినాలు పట్టాయి. (ఆ నాలుగు రోజులూ కలువాయి నుంచి వచ్చిన ఒక టీచరు నుదుటి మీద కుట్లతో వరండాలో కూర్చుని లోపలి చప్పుడు విన్నాడు. అయిదో రోజు తన పని సంగతి మరిచిపోయి, ఆ మొక్కలామెకు ఏమైందని అడిగాడు.)

మరునాటి ఉదయం త్రిసభ్య సంఘం కార్యాలయానికి వచ్చి ముఖాలు చూపించింది. 62, 57, 59. యాభై తొమ్మిది సురేశ్‌బాబుది. అధికారి ముఖం సరిపోలితే తప్ప ఫైలు తెరుచుకోదు. ముఖాలు సరిచేసే కేంద్రంలో సరైన ముఖం ఒక్కటీ మిగలలేదు.

"మా నాయన పోయి ఆరేళ్ళయింది సార్," అన్నాడు సురేశ్‌బాబు మాస్టారికి ఫోన్ చేసి. "అప్పుడు పందిరి, వంటలు, వచ్చేపోయేవాళ్ళు, ఆ గోలలో నాకేం తెలీలా. ఇప్పుడేంది సార్ నాకిది?"

"మంచినీళ్ళు తాగు నాయనా," అన్నారు మాస్టారు. ఆయనకు తెలిసిన చికిత్స అదొక్కటే.

జిల్లా నుంచి వెంటనే సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగులు అంతరిక్ష సంబంధమైన సీరియళ్ళను శనివారం సాయంత్రం మాత్రమే చూడవలెను. సోమవారం ఉదయానికి ముఖమును యథాస్థితికి తెచ్చుకొనవలెను. ఒకే కార్యాలయంలో ఒకరికి మించి ఒకే భాగమును చూడరాదు. సర్క్యులర్ తయారుచేసిన సెక్షనులో ఆధారం కోసం ఏడో భాగం చూశారని, మరునాడు ఆ సెక్షను మూతపడిందని చెప్పుకున్నారు. ఏమైతేనేం, చివరి పేరాలో ఒక మినహాయింపు ఉంది.

పదిహేనో పనిదినం మధ్యాహ్నం సురేశ్‌బాబు మళ్ళీ ఫోన్ చేశాడు.

"సార్, మీది ఓకే అయింది. సీరియల్‌కు ఏడిస్తే చెల్లదు. కానీ సొంత మనిషి పోయిన దుఃఖం లేటుగా వచ్చినా ఇప్పుడు చెల్లతాదంట. ఎన్ని నెలలైనా సరే." గొంతు కొంచెం తగ్గించాడు. "మీ ఇంట్లో మేడమ్ గారి సంగతి నవ్యశ్రీ టీచర్ చెప్పింది సార్. నాకు తెల్దు. తెలిసుంటే ఆ గుమ్మడికాయ మాట అనేవాణ్ణి కాదు."

"పర్వాలేదు నాయనా."

"ఇంక ఒక్క నిమిషం పని సార్. సిస్టమ్‌లో మేడమ్ గారు ఇంకా ఉండారు. ఉండే మనిషి కోసం ఏడిస్తే తీసుకోదు. ఇంటి వివరాల్లో ఆమె పేరు పక్కన 'తొలగించు' అని ఉంటాది. నొక్కితే ఓటీపీ వస్తాది. సాయంత్రం అయిదు లోపల కొట్టేస్తే, రేపు పొద్దున మీ ముఖం మీకు వచ్చేస్తాది."

మాస్టారు నాలుగు గంటలకు ఆ పేజీ తెరిచారు. రెండే వరుసలు. పెంచలయ్య, స్వయం. సుకుమారి, భార్య. ఆమె పేరు పక్కన ఎర్రటి గడి, దానిలో తెల్లని అక్షరాలు. పిల్లలు ఒక్కొక్కరే పలకలు సర్దుకుని వెళ్ళిపోయారు. నవ్యశ్రీ సంచి భుజాన వేసుకుని కూడా వెళ్ళకుండా నిలబడింది.

"సార్, ఫోను ఇట్లా ఇయ్యండి. నేను నొక్కిపెడతా."

"వద్దమ్మా."

"అయిదవతా ఉండాది సార్."

"చూస్తానే ఉండాను."

ఆయన నిజంగానే చూస్తున్నారు. వేలు గడి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. 'పేజీ చాలాసేపు కదలకుండా ఉన్నందున మూసివేయబడినది' అని వచ్చింది. మళ్ళీ తెరిచారు. రెండు వరుసలూ అలాగే ఉన్నాయి. అయిదైంది.

అయిదూ ఒకటికి తొమ్మిదో నియమం అమలైంది. ప్రభుత్వంలో ఆలస్యం ఎక్కువని ఆరోపించేవారు ఈ ఒక్క నిమిషాన్ని గమనించాలి.

మరునాడు ఎనిమిదీ నలభై అయిదుకు మాస్టారు ఎప్పటిలాగే బడికి వచ్చారు. యాప్ ఆయన ముఖం అడగలేదు. అడగడానికి అందులో ఆయన పేరు లేదు. మూడో తరగతికి తొమ్మిదో ఎక్కం మొదలుపెట్టారు. మధ్యాహ్నం చెంచమ్మ గరిటె పట్టుకుని వచ్చి అడిగింది.

"లెక్కలో లేని మనిషికి అన్నం పెట్టొచ్చునా సారూ? నన్నేమన్నా అంటారేమో."

"పెట్టకపోతే ఎవరూ ఏమీ అనరులే."

"అనకపోతే పెట్టేస్తా," అని ఆమె కంచంలో ఒక గరిటె ఎక్కువే వేసింది.

సాయంత్రానికి అనుసంధాన రికార్డులన్నీ సరిచేశారు. ప్రభుత్వ లెక్క ప్రకారం ఉదయగిరిలోని ఆ ఇంట్లో ఇప్పుడు సుకుమారి ఒక్కతే ఉంటోంది. ఇంటి యజమానిగా కూడా ఆమె పేరే నమోదైంది. ఆ పేరు తొలగించే పని ఇంకా మిగిలి ఉంది.