ఉంగరాల మాస్టారి క్లాసు

మీరు నవ్వుతారని తెలుసు. అయినా చెప్తాను, చెప్పకపోతే నాకు అజీర్తి. పొద్దున్న లేచింది మొదలు ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి నేను. ఆఫీసులో ఏది పాడైనా కుర్రాళ్ళు ముందు దేవుణ్ణి తలుచుకుని, తర్వాత తిన్నగా నా దగ్గరికే వస్తారు. అలాంటివాడి పెళ్ళాం ప్రోగ్రామింగు నేర్చుకోవడానికి ఇంకొకడి దగ్గర చేరితే ఎలా ఉంటుంది? వంటవాడి భార్య ఎదురింటి హోటల్లో భోంచేసినట్టు ఉండదూ?

మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది కదా. అక్కడ ఎవరికి ఏ టైమిచ్చారో గల్లంతై, పన్ను పీకించుకోవాల్సినాయనా, పళ్ళు శుభ్రం చేయించుకోవాల్సినాయనా ఒకే కుర్చీ కోసం కొట్టుకున్నారట. కాస్తయితే డాక్టరు అవసరం లేకుండానే ఇద్దరికీ పళ్ళు ఊడేవి.

"ఈ టైములు చూసుకునే ప్రోగ్రాం నేనే రాసుకుంటే పోలా?" అంది ఆ సాయంత్రం.

"ఓస్, అంతేనా! ఇలా కూర్చో, నేను నేర్పిస్తా."

కూర్చుంది పాపం. కంప్యూటర్ పుట్టకముందు మనుషులు ఎలా లెక్కపెట్టేవాళ్ళో చెప్పాను. సున్నా, ఒకటి గురించి చెప్పాను. మెమొరీలో గదులుంటాయని చెప్పి, ఆ గదుల్లోకి కరెంటు ఎలా వెళ్తుందో బొమ్మ గీసి, మెచ్చుకుంటుందేమోనని వెనక్కి తిరిగితే, సోఫాలోంచి గురక.

"ఏమోయ్, వింటున్నావా?"

"ఆఁ... కరెంటు పోయిందా?" అంది కళ్ళు నులుముకుంటూ.

మర్నాడే వెళ్ళి లైబ్రరీ మేడమీద సాయంత్రం క్లాసులో చేరిపోయింది. అక్కణ్ణుంచి మొదలైంది నా ఖర్మ.

"ఏమండీ, వేరియబుల్ అంటే ఏంటో తెలుసా?"

"నన్నా అడుగుతున్నావు?"

"డబ్బా! పైన చీటీ అంటించిన డబ్బా. చీటీ మారదు, లోపల సరుకు మారుతుంది. ఎంత బాగా చెప్పారో మా సారు!"

"పంచదార అని చీటీ పెట్టి లోపల ఉప్పు పోస్తే కాఫీ ఏమవుతుంది?" అన్నాను, గెలిచాననుకుని.

"అదీ అడిగాను. 'అందుకే చీటీ మీద సరైన పేరు రాయాలండీ' అన్నారు మా సారు."

మా సారు! నన్ను ఏనాడైనా 'మా ఆయన' అందేమో గుర్తు తెచ్చుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. ఉహూఁ. నన్ను 'ఈయన' అంటుంది. అదీ ఎలాగంటే, "ఈయన సంగతి తెలిసిందేగా" అని.

అన్నం వడ్డిస్తూ మా సారు. బట్టలు మడతపెడుతూ మా సారు. టీవీలో ఎవడో పాట పాడుతుంటే, "మా సారు గొంతు ఇలాగే ఉంటుంది" అంది. ప్రోగ్రామింగుకీ గొంతుకీ ఏం సంబంధం చెప్పండి?

ఒకరోజు ఆఫీసు నుంచి కాస్త ముందే బయటపడి, లైబ్రరీ ఎదుట చెప్పుల కొట్లో నిలబడ్డాను. కొట్టువాడు నా కాలికి జత మీద జత తొడుగుతున్నాడు, నా కళ్ళు మాత్రం మెట్ల మీదే. క్లాసు వదిలారు. మా ఆవిడ దిగింది, పక్కనే అతను. చేతికి ఒక్క ఉంగరం లేదుగానీ, తలనిండా ఉంగరాలే! గాలి వీస్తే అవి ఊగుతున్నాయి. నా తల సంగతి మీ ముందే ఉంది. గాలి వీస్తే నాకు జలుబు చేస్తుంది, అంతే.

ఆ రోజే అతనికి ఉంగరాల మాస్టారని పేరు పెట్టాను. ఏడుపుతోపాటు బిగుతు చెప్పుల జత కూడా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక ఆగలేకపోయాను. అసలు అతనికి ఏమాత్రం వచ్చో తేల్చేద్దామని పథకం వేశాను. ఆదివారం పొద్దున్న ఇంకో బ్యాచ్ ఉంది, అందులో మా ఆవిడ ఉండదు. "ఆఫీసులో అర్జెంటు పని" అని ఇంట్లో చెప్పి, వెళ్ళి చేరిపోయాను. ఏం చేస్తుంటారని అడిగితే, "కట్టెల డిపో అండీ, కంప్యూటర్ ఎలా ఉంటుందో కూడా చూళ్ళేదు" అన్నాను. నా నటనకి నేనే మురిసిపోయాను.

నాకు ఒక పక్క బేకరీ నడిపే ఆవిడ. మౌసుని కూడా పొయ్యిలోంచి తీసిన ట్రేలాగా భయంభయంగా పట్టుకునేది. ఇంకో పక్క రిటైరైన బస్సు కండక్టరు. ప్రోగ్రాం నడపాల్సి వచ్చినప్పుడల్లా "రైట్ రైట్" అనందే మీట నొక్కేవాడు కాదు.

"ఇవాళ లూపు గురించి చెప్పుకుందాం" అన్నాడు ఉంగరాల మాస్టారు. "సాయంత్రం బ్యాచ్‌లో ఒకావిడ చెప్పిన ఉదాహరణ. ఇంట్లో ఒకాయన ఉన్నాడు. కాఫీ కావాలి. కుర్చీలోంచి లేవడు. 'కాఫీ అయిందా?' అంటాడు. కాలేదు. మళ్ళీ 'అయిందా?' కాలేదు. కాఫీ వచ్చేదాకా ఆ ఒక్క మాటే. ఇదే లూపు."

క్లాసంతా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ కుర్చీ ఎవరిదో నాకు తెలుసు.

"ఇప్పుడు షరతు చూద్దాం. తువ్వాలు దొరికితే స్నానం. లేకపోతే?"

"అరుపు!" అంది బేకరీ ఆవిడ, మా ఇంటి బాత్రూం తలుపు పక్కనే నిలబడి విన్నట్టు.

"సరిగ్గా చెప్పారు. ఆ తువ్వాలు ఆయన భుజం మీదే ఉంటుంది."

గది దద్దరిల్లింది. కండక్టరైతే కళ్ళు తుడుచుకుంటూ నా తొడ మీద చరిచి, "అలాంటివాడు నా బస్సెక్కి ఉంటే నడిదార్లో దింపేసేవాణ్ణి, ఏమంటారు కట్టెలాయనా?" అన్నాడు.

"తప్పకుండా దింపాలండి" అన్నాను. నవ్వాను కూడా. నవ్వకపోతే అనుమానం వస్తుందిగా.

నా సంసారాన్ని పాఠ్యపుస్తకం చేసేశారు మిత్రులారా! ఇంట్లో నిలదీద్దామంటే, నువ్వు అక్కడ ఏం చేస్తున్నావనే ప్రశ్న వస్తుంది.

"మీ సారు క్లాసులో ఇళ్ళల్లో గొడవలు కూడా చెప్తాడా?" అన్నాను, పేపరు చాటునుంచి.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? ఊహించాను."

"బాగానే ఊహిస్తున్నారే! పేపరు మాత్రం తలకిందులుగా పట్టుకున్నారు."

ఆ వారమంతా ఉదాహరణ కాకుండా ఉండాలని కాఫీ అడగడం మానేశాను. కాఫీ రావడమూ మానేసింది. "అడగలేదుగా, వద్దేమో అనుకున్నాను" అంది మా ఆవిడ. తువ్వాలు కోసం అరవకూడదని తడిబట్టలతోనే ఇల్లంతా వెతికి, హాల్లో జారి పడ్డాను.

తర్వాతి ఆదివారం నుంచి ఎదురుదాడికి దిగాను. "సార్, ఆ డబ్బా మెమొరీలో ఏ అడ్రసులో ఉంటుంది సార్?" కొత్తగా చేరిన కట్టెల వ్యాపారి అడిగే ప్రశ్నా అది? అతను తడబడతాడని చూశాను.

"మంచి ప్రశ్న. కానీ ఇల్లు కట్టకుండానే అడ్రసు దేనికండీ? ముందు కడదాం" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఇంకోటి అడగబోతే బేకరీ ఆవిడే నన్ను కసిరింది. "మీరు కాస్త ఆగండి కట్టెలాయనా. నాకు కామా ఎక్కడ పెట్టాలో తెలియక ప్రాణం పోతోంది."

అతను వచ్చి ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కామా ఎక్కడో చెప్పలేదు. "మీరు కేకులు వరసగా పెట్టినప్పుడు మధ్యలో ఖాళీ ఎందుకు వదుల్తారు?" అని అడిగాడంతే. ఆవిడ ఆలోచించి, తనే పెట్టుకుంది. ప్రోగ్రాం నడిచింది. ఆవిడ చప్పట్లు కొడుతూ లేచి నిలబడింది. కండక్టరు ఈలేశాడు.

నిజం చెప్పనా? అప్పటిదాకా ఆ జుట్టు చూసి కుళ్ళాను. 'మా సారు' అన్న మాటకి కుళ్ళాను. ఆ పూట మాత్రం, వీడు నిజంగానే బాగా చెప్తున్నాడని కుళ్ళాను. జుట్టుకి విగ్గుంది. దీనికేం పెట్టుకోను? నేను బొమ్మ గీసి కరెంటు పారించినప్పుడు నిద్రపోయిన మనిషి, ఇతను డబ్బా అనగానే మేలుకుంది. ఇంటికెళ్ళేదాకా అదే తలుచుకుంటూ నడిచాను.

ఆ మంటలోనే చెయ్యకూడని పని చేశాను.

ఆ వారం అభ్యాసం ఏంటంటే, ఎవరికి నచ్చిన మాట వాళ్ళు పెద్ద అక్షరాల్లో మూడు కాగితాల మీద ప్రింటు వచ్చేలా ప్రోగ్రాం రాయాలి. బేకరీ ఆవిడ 'కేకులు తాజా' అని రాసుకుంది. కండక్టరు 'చిల్లర ఉంచుకొనవలెను' అని రాశాడు. మాస్టారు ఏదో పనుండి కిందికి వెళ్ళాడు. నేను అటూ ఇటూ చూసి టకటకా కొట్టాను:

'తలనిండా ఉంగరాలు, పాఠం నిండా సున్నాలు.'

ఎవరికంటా పడకుండా మూడు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికెళ్ళి ఒంటరిగా చదువుకుని సంతోషిద్దామని నా ఆశ. పెద్దగా ఏం కోరాను?

మీట నొక్కాను. మూల ప్రింటరు గుర్రుమంది. ఒక కాగితం, రెండు, మూడు. తీసుకుని మడిచాను. నాలుగోది వచ్చింది. ఐదోది వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నోసారి ప్రింటు చేస్తున్నామో లెక్క పెంచే లైను ఒకటి రాయాలి. మొదటి వారం కొత్తవాళ్ళు మర్చిపోయే లైను. ఆఫీసులో ఆ తప్పు చేసిన కుర్రాణ్ణి నేను ఏడిపించిన లైను. రాయలేదు! ప్రోగ్రాం దృష్టిలో ఎప్పటికీ మొదటి కాగితమే.

పరిగెత్తుకెళ్ళి నా కంప్యూటర్ ఆపేశాను. అప్పటికే ప్రింటరు కడుపునిండా మింగి కూర్చుంది, కక్కుతూనే ఉంది. కాగితాలు చొక్కాలో దోపుకున్నాను. ప్యాంటులో దోపుకున్నాను. ఫ్యాను గాలికి మిగతావి లేచి గదంతా ఎగిరాయి.

"తల... నిండా... ఉంగ... రాలు" అని కూడబలుక్కుని పైకే చదివాడు కండక్టరు. "ప్రాస బాగా కుదిరిందే!"

"అది నాది కాదు! ప్రింటరు పాడైంది!" అని దాని వైరు పట్టి లాగాను. ఊడింది ఫ్యాను వైరు. కాగితాలన్నీ నెమ్మదిగా, గౌరవంగా, తలుపు దగ్గర వాలాయి. అక్కడ ఉంగరాల మాస్టారు నిలబడి ఉన్నాడు. అతని వెనకాల మా ఆవిడ.

మాస్టారు వంగి ఒక కాగితం తీశాడు. చదివాడు. ఉంగరాలు నిమురుకున్నాడు.

"కవిత్వం బాగుంది. లెక్క పెంచే లైను మర్చిపోయారు."

"తెలుసు" అన్నాను. నేను కదిలినప్పుడల్లా చొక్కాలో కాగితాలు గరగరమంటున్నాయి.

"ఆఫీసులో అర్జెంటు పని అయిందాండీ?" అంది మా ఆవిడ.

బేకరీ ఆవిడ నోరు తెరిచింది. "అయితే కాఫీ ఆయన ఈయనేనా!"

"తువ్వాలు కూడా ఈయనదే" అన్నాడు కండక్టరు, టికెట్టు లేనివాణ్ణి పట్టుకున్నంత ఆనందంగా.

"మీది కట్టెల డిపో కాదని మొదటిరోజే తెలుసండి" అన్నాడు మాస్టారు. "కంప్యూటర్ ఎప్పుడూ చూడని మనిషి కీబోర్డు చూడకుండా టైపు కొడతాడా? సాయంత్రం క్లాసులో మేడంగారికి మీ పోలికలు చెబితే, 'రానివ్వండి, నేనే రప్పించాను' అన్నారు."

మా ఆవిడ వైపు తిరిగాను. "రప్పించావా?"

"మరి? కొత్తవాళ్ళు ఎక్కువైపోయారు, సారుకి ఒక్కరికీ కుదరట్లేదు, మీరు కాస్త సాయం చెయ్యండని ఎన్నిసార్లు అడిగాను? 'అఆలు దిద్దించే ఓపిక నాకెక్కడిది' అన్నారు. పిలిస్తే రారు. కుళ్ళుకుంటే వస్తారని తెలుసు."

"అంటే ఆ పొగడ్తలన్నీ ఉత్తుత్తివేనా?" అడుగుతున్నప్పుడే నా ప్రాణం లేచొచ్చింది.

"సగం అందుకే."

"మిగతా సగం?"

"నిజంగానే బాగా చెప్తారండీ."

లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూర్చుంది.

"పాడుచేసిన కాగితాలకి శిక్ష ఒకటే" అన్నాడు మాస్టారు. "వచ్చే వారం నుంచి ఆదివారం బ్యాచ్ మీరే చెప్పాలి. నేను పూర్తిగా తప్పుకుంటాను."

నేను ముఖం వేలాడేసుకునే ఒప్పుకున్నాను గానీ, లోపల బాజాలు మోగాయి. తప్పుకుంటాడట! గది నాది, బోర్డు నాది, సుద్దముక్క నాది. మా ఆవిడకి రుజువు చేసి చూపే అవకాశం. ఆ వారమంతా అద్దం ముందు పాఠం చెప్పుకున్నాను. సున్నా, ఒకటి జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆదివారం వెళ్ళాను. చెప్పాను కూడా. ఒకసారి అలవాటు కొద్దీ మెమొరీ గదుల్లోకి జారబోతే, "స్టాపు దాటిపోయింది సార్, వెనక్కి రండి" అని కండక్టరు ఆపాడు. వచ్చాను. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, "ఇప్పుడు అర్థమైందండీ" అంది. మీతో అబద్ధం ఎందుకు, ఒళ్ళు పులకరించింది.

సరిగ్గా అప్పుడు గోడ అవతలనుంచి నవ్వు వినబడింది. పదిమంది నవ్వినా నేను పోల్చుకోగలిగిన నవ్వు. మా ఆవిడది.

"పక్కగదిలో ఏంటి?" అన్నాను.

"మీకు తెలీదా?" అంది బేకరీ ఆవిడ. "పెద్ద క్లాసు. సాయంత్రం బ్యాచ్‌లో బాగా చేసినవాళ్ళకి. మాస్టారికి తీరిక లేక ఇన్నాళ్ళూ మొదలెట్టలేదు. మీ పుణ్యమా అని ఆదివారాలు ఖాళీ అయ్యాయిగా! మీవారికి మొదటి బెంచీ. అదే, మీ ఆవిడకి."

సుద్దముక్క రెండు ముక్కలైంది. అతనికి తీరిక కల్పించి, తీరికగా మా ఆవిడకి పాఠం చెప్పుకోమని పక్కగదిలో కూర్చోబెట్టిందెవరు? నేనే.

మళ్ళీ నవ్వు. నేను గొంతు పెంచాను. "లూపు అంటే!" అని అరిచాను. కండక్టరు ఉలిక్కిపడి జేబులో విజిలు తడుముకున్నాడు. "షరతు అంటే!" అని ఇంకా గట్టిగా అరిచాను.

తలుపు తెరుచుకుంది. మా ఆవిడ తల లోపలికి పెట్టింది.

"ఏమండీ, కాస్త నెమ్మదిగా చెప్తారా? మాకక్కడ పాఠం వినబడట్లేదు."

ఏం చేస్తాను? నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను. నోరు ఇటు, చెవి అటు.