మొగలి తుప్పల మీద దండయాత్ర

ప్రపంచంలో కమ్యూనిజాన్ని అరికట్టినవారి జాబితా ఎప్పుడైనా తయారైతే, అమెరికా పేరు కింద చినమొగలివలస గ్రామ పంచాయతీ పేరు కూడా చేర్చవలసిందిగా సంబంధిత అధికారులను కోరుతున్నాను. అమెరికా వియత్నాంలో ఏళ్ళ తరబడి చేస్తున్న పనిని మా పంచాయతీ కోటబొమ్మాళికి నాలుగు మైళ్ళ దూరంలో, 1968 మార్చి నెలలో, పదకొండు కత్తులతో ఒక్క పూటలో ముగించింది. పంచాయతీ గుమాస్తాగా మినిట్సు రాసింది నేనే కనుక ఇందులో అతిశయోక్తి లేదు.

ఘనత అంతా ప్రెసిడెంటు నరసింగరావు గారిది. ఆయన పేపరు మొదటి పేజీ నుంచి చివరి సినిమా ప్రకటన దాకా అక్షరం వదలకుండా చదువుతారు. వియత్నాం అనే దేశం రెండు ముక్కలైందనీ, పై ముక్కలో కమ్యూనిస్టులున్నారనీ, వాళ్ళ మనుషులు కింది ముక్కలో అడవుల చాటున దాక్కుంటున్నారనీ, అందుచేత అమెరికా విమానాల మీంచి మందు చల్లి చెట్ల ఆకులు రాల్చేస్తోందనీ చదివారు. చదివి, అరుగు మీంచి తలెత్తి చూశారు. ఊరికి ఉత్తరాన మొగలి తుప్పలు. దూరాన కొండలు. కొండల్లో గిరిజనులు కూలి పెంచమంటున్నారనీ, వాళ్ళ వెనక ఎవరో ఉన్నారనీ అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు. ప్రెసిడెంటు గారికి ఆ పూట అన్నం సహించలేదు.

పంచాయతీ అత్యవసరంగా సమావేశమైంది. "ఆకున్నచోట చాటుంటాది! చాటున్నచోట కమ్యూనిస్టుంటాడు! నా పేనం పోయినా సరే, ఈ ఊర్లో చాటన్నది ఉండనివ్వను!" అని ఆయన బల్ల గుద్దారు. తొమ్మండుగురు సభ్యులూ చప్పట్లు కొట్టారు. ఆ తుప్పలతో ఊళ్ళో ఎవరికైనా పని ఉందేమోనని ఒక్కరూ అడగలేదు. తొమ్మండుగురూ పెళ్ళయినవాళ్ళే. నాకూ పెళ్ళయింది. నేనూ చప్పట్లు కొట్టాను.

భోజనాల వేళకి తుప్పలు నేలమట్టమయ్యాయి. పట్టుబడిన శత్రువులు రెండు పాములు, ఒక ముంగిస, సంక్రాంతి ముందు తప్పిపోయిన ఒక మేక. కమ్యూనిస్టులు ముందే పసిగట్టి పారిపోయినట్టు మినిట్సులో రాశాను.

మర్నాడు తెల్లవారుజామున ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని వెళ్ళి, ఆ బోడి నేల చూసి నిలబడిపోయారు. మగవాళ్ళకి ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డుంది, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. ఆడవాళ్ళు మాత్రం తెల్లవారేలోగా ముగించుకోవాలి, లేకపోతే పొద్దుగూకేదాకా బిగబట్టుకోవాలి. ఈ నియమాన్ని ఏ పంచాయతీ తీర్మానించలేదు, అయినా మా తీర్మానాలన్నిటికంటే బాగా అమలవుతోంది. రెండు రోజులు మంచినీళ్ళు తాగడం కూడా మానేశారు. మూడో రోజున కూలి అసిరమ్మ కోడలు, నెలలు నిండిన పిల్ల, కళ్ళు తిరిగి పడిపోయింది.

అసిరమ్మ ఇంటింటికీ తిరిగి పాత చీరలు అడిగి తెచ్చింది. ఆ బోడి నేల మీద నాలుగు వెదురు గెడలు పాతి చుట్టూ కట్టింది.

పొద్దున్నే అరుగు మీంచి చూసిన ప్రెసిడెంటు గారికి, అతుకుల చీరల మధ్య ఒక ఎర్ర గుడ్డ రెపరెపలాడుతూ కనిపించింది. గంటలో జీపు వచ్చింది. సబిన్‌స్పెక్టరు గణపతిరావు గారు నలుగురు కానిస్టేబుళ్ళతో ముట్టడించి, ఒక్క తూటా కూడా ఖర్చు కాకుండా ఆ జెండాను స్వాధీనం చేసుకున్నారు. దాన్ని పంచాయతీ బల్ల మీద పరిచి, అసిరమ్మని ఎదురుగా నిలబెట్టారు.

"ఎవరు కట్టారే ఇది?"

"నానే కట్టినాను బాబూ."

"ఎవరిచ్చారు?"

"సెప్పను. సెప్పనని మాటిచ్చినాను."

గణపతిరావు గారు మెచ్చుకోలుగా తలాడించారు. "చూశారా ప్రెసిడెంటు గారూ, ఇదీ వాళ్ళ శిక్షణ! ప్రాణం పోయినా పేరు చెప్పరు. ఎక్కించండి జీపు."

అసిరమ్మ అప్పుడు, "నా కోడలు నొప్పులు పడతన్నాది బాబూ, ఇంటికాడ ఇంకెవులూ నేరు. రేపు మీరెక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను" అని దండం పెట్టింది. కానిస్టేబులు రెక్క పట్టుకున్నాడు. నేను మినిట్సు పుస్తకంలోకి తల దించుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు, పెళ్ళయి వచ్చాక ఎన్నడూ పంచాయతీ గడప తొక్కని ప్రెసిడెంటు గారి భార్య తాయారు గారు లోపలికి వచ్చారు.

"దాన్నొగ్గీండి. అది నా సీర. ఓ యేడు పైడితల్లి పండక్కి ఇజీనగరంలో ఈయనే కొన్నారు."

"మీరెందుకిచ్చారమ్మా?" అన్నారు గణపతిరావు గారు.

"నాను మాత్రం ఎక్కడికెల్తాను బాబూ? ఇరవై రెండేళ్ళ నుంచీ ఆ తుప్పల్లోకే ఎల్తన్నాను."

నరసింగరావు గారికి ఈ సంగతి తెలియడం ఇదే మొదలు. పాపం, ఆయన తప్పు లేదు. ఈ వార్త పేపర్లో ఎక్కడా పడలేదు.

అసిరమ్మని వదిలేశారు. గుమ్మం దాకా వెళ్ళి ఆమె వెనక్కి తిరిగింది. "ఆడోళ్ళకి ఒక మరుగుదొడ్డి కట్టించండి బాబూ, మీకు పున్నెముంటాది." ప్రెసిడెంటు గారు వెంటనే లేచారు. ఇవాళ దొడ్డి అడిగినవాళ్ళు రేపు కూలి పెంచమంటారనీ, ఎల్లుండి భూమి అడుగుతారనీ, కమ్యూనిజం వచ్చే దారి ఇదేననీ అరగంట ఉపన్యసించారు. చాటు కట్టుకోవడానికి ఎర్ర చీర తప్ప ఏ రంగు చీరైనా వాడుకోవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించారు. నేనే రాశాను.

రెండు వర్షాలకి మొగలి తుప్పలు మళ్ళీ పెరిగాయి. మాకు కమ్యూనిజం రాలేదు, దొడ్డీ రాలేదు. వియత్నాంలో యుద్ధం సాగుతూనే ఉంది, పేపరు రోజూ వస్తూనే ఉంది. మీరూ చదువుతూనే ఉంటారు. మీ ఇంటి ఆడవాళ్ళు తెల్లవారకముందే ఎక్కడికి వెళ్ళొస్తున్నారో అందులో ఎప్పుడైనా పడితే, నాకో కార్డు ముక్క రాయండి, మినిట్సులో ఎక్కిస్తాను.