దీవికి మూడు చేతులు

శనివారం పొద్దున్నే కటింగ్ మాస్టారి ముందున్న పని ఒక్కటే: సాయంత్రంలోగా ఒక దీవి గీయాలి. వారానికోసారి బల్ల చుట్టూ చేరి ఆడే ఆటలో ఆయన కథ నడిపే పెద్ద. మిగతావాళ్ళు వీరులై ఆ కథలో తిరుగుతారు. పోయినవారం ఆయన మ్యాపు లేకుండా నోటితో వర్ణించిన కోటలో వీరులందరూ దారి తప్పి, ఒకే గుమ్మంలోంచి మూడుసార్లు బయటికొచ్చారు. బావమరిది అక్కడికక్కడే తేల్చేశాడు. "ఈసారి మ్యాపు లేకపోతే పెద్ద కుర్చీ నాది, బావా." ఐదేళ్ళుగా కూర్చున్న కుర్చీ అది! మాస్టారికి ఒళ్ళు మండింది.

యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో తన కంప్యూటర్ ముందు కూర్చుని మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్లు నెట్‌లోంచి వరసగా దించుకున్నారు. మొదటిది ఎక్కడ నొక్కినా కొండలు మొలిపించింది, సముద్రంలో కూడా. రెండోది నది గీయాలంటే ముందు నలభై నిమిషాల పాఠం వినమంది. మూడోది బాగానే గీసింది కానీ, కోట మీద అడ్డంగా తన పేరు ముద్ర కొట్టుకుంది. "వీటి దుంప తెగ!" అనుకున్నారు మాస్టారు. ఇరవై ఏళ్ళుగా మెడలూ చంకలూ గీసిన చెయ్యి తనది. వంపు తిరిగిన గీత తనకంటే ఎవడు గీస్తాడు? రోజూ కోట్లూ చొక్కాలూ గీసే సాఫ్ట్‌వేర్‌నే తెరిచి, పావుగంటలో దీవి గీసేశారు. మధ్యలో అఖాతం, సముద్రంలోకి చొచ్చుకుపోయిన మూడు నేలకొమ్ములు, పడమట ఒక అడవి. ముచ్చటేసింది. గర్వంగా టీకి వెళ్ళారు. వెళ్ళేముందు అలవాటు కొద్దీ చెయ్యి ఆ బొమ్మను 'ఈరోజు కోతలు' అనే ఫోల్డర్లో దాచింది.

కోత మిషన్ నడిపే అక్క ఆ ఫోల్డర్లో నర్సుల కోటు నమూనా కోసం వెతుకుతోంది. కనబడినదాన్ని కోసి, కుట్టే ఆవిడకిచ్చింది.

"ఇదేంటక్కా, మూడు చేతులున్నాయి?"

"మాస్టారు ఊరికే గీయరు. కుట్టు."

టీ కబుర్లలో గంట గడిపి మాస్టారు తిరిగొచ్చేసరికి, నమూనా కోటు చూసుకోడానికి వచ్చిన ఆసుపత్రి హెడ్ నర్సు అద్దం ముందు దీవిని తొడుక్కుని నిలబడి ఉంది. అఖాతంలోంచి తల బయటికొచ్చింది. మూడో చెయ్యి నడుం దగ్గర వేలాడుతోంది.

"ఇదెందుకండీ?" అందావిడ, దాన్ని పట్టుకుని.

మాస్టారు నోరు తెరిచేలోపు అక్క అందుకుంది. "రెండు చేతులతో మీకు పనెక్కడ తెములుతుందండీ?"

హెడ్ నర్సు ఒక్క క్షణం చూసి, గోడ పట్టుకుని మరీ నవ్వింది. "ఇన్నేళ్ళకి ఆ మాటన్నది నువ్వొక్కదానివే తల్లీ!" మామూలు కోట్లే చాలని చెప్పి వెళ్ళిపోయింది. బతుకుజీవుడా అనుకుని మాస్టారు దీవిని చంకన పెట్టుకుని ఇంటికొచ్చారు.

సాయంత్రం బావమరిది తనూ ఒక మ్యాపు గీసుకొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. అతని మ్యాపు తెరుచుకోకుండా గిరగిర తిరుగుతూనే ఉంది. మాస్టారు కోటును బల్ల మీద పరిచారు. అందరూ తీరం వెంబడి కుట్టును తడిమి చూసి ఆహా అన్నారు.

"ఏ సాఫ్ట్‌వేర్ బావా ఇది?" అన్నాడు బావమరిది, ల్యాప్‌టాప్ మూసేసి.

"అనుభవం," అన్నారు మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి. ఉత్సాహం పట్టలేకపోయారు. "ఈ దీవిలో నిధి ఉంది. ఆరు వారాలు వెతికినా దొరకదు. దొరికించుకున్నవాడికి ఈ కుర్చీ ఇచ్చేస్తా, పొండి!"

పడమటి అడవిని తడుముతున్న బావమరిది చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. పొద్దున దీవి గీసినప్పుడే నిధికి గుర్తుగా మాస్టారు అక్కడ చిన్న చతురస్రం గీసుకున్నారు. కుట్టే ఆవిడ దానికి జేబు కుట్టింది.

"ఇదేనా బావా?"

మాస్టారు లేచి కుర్చీ జరిపారు. జేబు మాత్రం చాలా బాగా కుదిరింది.