కేసెట్ రెండో వైపు

ఆ రోజు విశ్వేశ్వరరావుగారు చేయాల్సిన పనులు మూడే. కొడుకు వెంకట్ కారు సర్వీసింగుకి వెళ్లింది కాబట్టి, తన పాత తెల్ల కారులో వాణ్ణి హైటెక్ సిటీలో ఆఫీసు దగ్గర దింపాలి. తర్వాత కొండాపూర్‌లో ఒక షాపు దగ్గర ఆగి, కారులో ఉన్న రేడియో, కేసెట్ ప్లేయర్ పీకించేసి టచ్ స్క్రీన్ పెట్టించుకోవాలి. ఆ తర్వాత భార్య రాజరాజేశ్వరిగారిని గోపన్‌పల్లిలో ఆవిడ చెల్లెలింట్లో వదలాలి. మొదటి పనికీ మూడో పనికీ ఆయనకేమీ అభ్యంతరం లేదు. రెండోది తలుచుకుంటేనే మణికొండలో మెట్లు దిగుతున్నప్పటి నుంచీ ఒళ్లు మండిపోతోంది.

టచ్ స్క్రీన్ ఎందుకయ్యా అంటే, వెనక్కి వెళ్లేటప్పుడు కెమెరాలో చూసుకోవచ్చట. గత నెల సెల్లార్‌లో కారు వెనక్కి తీస్తూ ఆయన స్తంభాన్ని గుద్దారు. స్తంభం ఉండకూడని చోట ఉందని ఆయన నెల రోజులుగా వాదిస్తున్నారు. స్తంభం తప్పుకి కేసెట్ ప్లేయర్‌ని శిక్షించడం ఏ న్యాయమో ఆయనకి అర్థం కావడం లేదు.

ఆ ప్లేయర్ మీద ఈగ వాలినా ఆయన ఊరుకోరు. దాని వాల్యూమ్ బిరడా ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన ఇనప పుల్లను తిప్పడానికి వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన చిన్న పట్టకారు ఒకటి డాష్‌బోర్డు అరలో ఉంటుంది. స్టేషన్ మారాలంటే పక్కన ఒక్కటి చరచాలి. తాళం తీసేసినా క్రికెట్ కామెంటరీ ఆగకూడదని ఎప్పుడో దాని వైరు నేరుగా బ్యాటరీకి కలిపించారు. వెనక అద్దం కింద రెండు పెద్ద స్పీకర్లు కూర్చున్నాయి. ఇన్ని సదుపాయాలున్న వస్తువుని పట్టుకుని ఇంట్లోవాళ్లు డబ్బా అంటారు.

అసలు సంగతి వేరే ఉంది. ఆయన దగ్గర ఒక కేసెట్ ఉంది. ఉద్యోగపు తొలి రోజుల్లో, కాకినాడలో ఒక చిన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఉండగా, కొత్తగా వచ్చిన ఆఫీసరు పెట్టిన ఆంక్షల మీద ధర్నా జరిగింది. ఆ ధర్నాలో విశ్వేశ్వరరావుగారు ఉపన్యాసం ఇచ్చారు. ఆ దెబ్బకి ఆఫీసరు దిగొచ్చాడు. విశ్వేశ్వరరావుగారు ఇంటి నుంచి తెచ్చిన కేసెట్లోనే తోటి గుమాస్తా ఒకాయన ఆ ఉపన్యాసం రికార్డు చేసి ఇచ్చాడు. "పాలవాడితో కూడా గట్టిగా మాట్లాడలేరు, మీరు ధర్నాలో ఉపన్యాసమా నాన్నగారూ?" అని నవ్వే కొడుక్కి చూపించడానికి ఆయన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. ఆ సాక్ష్యాన్ని పలికించే యంత్రం ఇంట్లో ఈ కారుది తప్ప ఇంకోటి లేదు. ప్లేయర్ పోతే, ఆయన ఒకప్పుడు గొంతెత్తిన మనిషి అన్న సంగతి కూడా దాంతో పాటే పోతుంది.

కట్టుకున్న భార్యకైనా గౌరవం ఉందా అంటే అదీ లేదు. ఎప్పుడు ఆ కేసెట్ పెట్టినా, చివర్లో చప్పట్లు ఇంకా మోగుతుండగానే రాజరాజేశ్వరిగారు చెయ్యి చాచి టక్కున ఆపేస్తారు. "అయిపోయిందిగా, చాలు" అంటారు. తన చప్పట్లు తనని పూర్తిగా విననివ్వని మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశానే అని ఆయన లోపల కుతకుతలాడిపోతుంటారు.

ఆఫీసు గేటు ముందు క్యాబుల వరసలో కారు ఆగింది. వెంకట్ దిగుతూ, "పదకొండింటికి షాపులో చెప్పి ఉంచాను. మళ్లీ ఏదో వంక పెట్టి తప్పించుకోకండి నాన్నగారూ" అన్నాడు.

"అది బాగానే పాడుతోంది కదరా."

"పాడితే మాత్రం? ఈ రోజుల్లో ఆ డబ్బా ఎవరు వింటారండీ?" అనేసి కార్డు మెళ్లో వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

"ఎవరు వింటారా!" విశ్వేశ్వరరావుగారి చెవులు ఎర్రబడ్డాయి. "విన్నావా రాజ్యం, వాడి మాట? ఎవరు వింటారట!"

వెనక సీట్లో సున్నుండల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాజరాజేశ్వరిగారు, "వాడికేం తెలుసు లెండి. ఇప్పుడా కేసెట్ పెట్టకండి, ముందు కారు కదలనివ్వండి" అన్నారు.

పెట్టకండి అన్నారు కాబట్టి ఆయన పెట్టేశారు. పట్టకారుతో పుల్లని పట్టుకుని, కోపమంతా మణికట్టులోకి తెచ్చుకుని తిప్పారు. పుల్ల చివరిదాకా తిరిగి, పట్టకారుకి అందకుండా లోపలికి పోయింది.

"మిత్రులారా!" అంది కారు.

గేటు పక్కన గింజలు ఏరుకుంటున్న పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. విశ్వేశ్వరరావుగారు కంగారుగా ఎజెక్ట్ బటన్ నొక్కారు. అదీ లోపలికి పోయింది, మళ్లీ పైకి రాలేదు. తాళం తీసేశారు. ఇంజను ఆగింది, ఉపన్యాసం ఆగలేదు. అద్దాలు ఎత్తబోతే ఎడమ వైపువి సగంలో ఇరుక్కున్నాయి.

"పొద్దున వస్తే సంతకం, సాయంత్రం వెళ్తే సంతకం! ఇప్పుడు టీకి లేస్తే సంతకం, తాగొస్తే సంతకం! టీ తాగిన నిమిషాలు కూడా పని గంటల్లోంచి కోసేస్తారట! మనం మనుషులమా, ముద్దాయిలమా?"

"మనుషులం! మనుషులం!" అని కేసెట్లోని జనం అరిచారు.

రోడ్డవతల టీ బండి దగ్గర కప్పులు గాల్లోనే ఆగిపోయాయి. అక్కడున్న వాళ్లందరివీ ఆ ఆఫీసు కార్డులే. ఆ నెల మొదటి నుంచీ వాళ్ల కంపెనీలో కొత్త పద్ధతి వచ్చింది. తలుపు దగ్గర కార్డు గీకి బయటికొస్తే చాలు గడియారం ఆగిపోతుంది, మళ్లీ గీకి లోపలికెళ్తేనే కదులుతుంది. టీ తాగిన సమయమంతా సాయంత్రం అదనంగా కూర్చుని తీర్చాలి. నెలంతా మనసులో తిట్టుకుంటున్న మాటలు ఎవరో మైకులో అనేస్తుంటే వాళ్లు నిలబడిపోరా? రోడ్డు దాటి కారు చుట్టూ చేరారు.

ముందుగా వచ్చింది మాత్రం సెక్యూరిటీ సూపర్‌వైజర్ యాదగిరి.

"ఏంది పెద్దాయనా గీ లొల్లి? గీడ మీటింగు పెట్టుడేంది? పర్మిషన్ ఉన్నదా?"

"మీటింగు కాదయ్యా, కేసెట్!"

"కేసెటా? నన్ను పాగల్‌గాణ్ణి చేస్తున్నవా? మరి గా చప్పట్లు కొట్టేటోళ్లు ఏడున్నరు? ముందుగాల డిక్కీ తెరువు!"

డిక్కీలో స్టెప్నీ టైరు తప్ప ఎవరూ కనిపించకపోయేసరికి యాదగిరి అనుమానం ఇంకా పెరిగింది. వాకీటాకీ తీసి, "సార్, గేటు కాడ యూనియనోళ్లు వచ్చిన్రు. లీడర్ ఒక్కడే కనబడుతుండు, మిగతోళ్లు ఎక్కడ్నో దాసుకున్నరు" అని పైకి కబురు పెట్టాడు.

ఇంతలో టీ కప్పుతో ఒకమ్మాయి కిటికీ దగ్గరికి వంగింది. కడప వైపు అమ్మాయి, పేరు కావ్య.

"సార్, మీరు ఏ యూనియన్ సార్? నెల నుంచి మేము లోపల్లోపలే ఏడుస్తా ఉండాం. మా మాటంతా మీరే చెప్పేసినారు! ఇది మీ గొంతేనా?"

కేసెట్ అని చెప్పేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆ అమ్మాయి కళ్లల్లో ఉన్న గౌరవం విశ్వేశ్వరరావుగారు సొంత ఇంట్లో ఏనాడూ చూడనిది. ఆయన కారు దిగి, చొక్కా సర్దుకుని, "గొంతు నాదేనమ్మా" అన్నారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

"ఏవండీ, ముందు దాన్ని ఆపే మార్గం చూడండి" అన్నారు లోపల్నుంచి రాజరాజేశ్వరిగారు. ఆవిడ ముందు సీటు మీదుగా వంగి, ప్లేయర్ బటన్లన్నీ నొక్కుతున్నారు. ఒక్కటీ పలకడం లేదు.

"ఆపడమెందుకు? విననీ!" అన్నారాయన.

పైన హెచ్.ఆర్. అధిపతి సంయుక్త కిటికీలోంచి చూస్తే గేటు ముందు జాతరలా ఉంది. ఆమె వెంటనే ఒక మేనేజర్‌ని పిలిచి, "కార్డుల లెక్క తయారుచేసింది మీరే కదా, తెలుగు కూడా మీకు బాగా వచ్చు. ఆ లీడర్‌తో మీరే మాట్లాడండి, సిట్యుయేషన్ కంట్రోల్‌లోకి తేవాలి" అని చెప్పి, తానూ వెనకే దిగింది. ఆ మేనేజర్ ఎవరో కాదు, వెంకట్.

జనాన్ని తోసుకుంటూ వచ్చిన వెంకట్, "ఎవరండీ ఇక్కడ లీడరు..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాడు. "నాన్నగారూ!"

"ఈయనే సార్!" అంది కావ్య. "మేము టీ తాగే నిమిషాలు కోసే లెక్క తయారు చేసింది ఈ వెంకట్ సారే!"

విశ్వేశ్వరరావుగారు కొడుకుని కింది నుంచి పైదాకా చూశారు. ఆనాడు కాకినాడలో ఏ మనిషి మీద గొంతు చించుకున్నారో, ఆ మనిషి తన ఇంట్లోనే పుట్టి, తన చేత్తో అన్నం తిని, ఇంత పొడుగు పెరిగి నిలబడ్డాడు.

"నువ్వా? టీ నిమిషాలు కోసేది నువ్వా?"

"పాలసీ అది నాన్నగారూ, నేను కాదు..."

"ఆ ఆఫీసరూ ఇదే మాటన్నాడురా! అచ్చం ఇదే మాట! డబ్బా అన్నావే, ఎవరు వింటారన్నావే, ఇప్పుడు లెక్కపెట్టుకో ఎంతమంది వింటున్నారో!"

జనం చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే కేసెట్లోని జనం కూడా చప్పట్లు కొట్టారు. ధర్నా తర్వాత మొదటిసారి ఆయన తన చప్పట్లు చివరిదాకా విన్నారు. సంయుక్త ముందుకొచ్చి, "సర్, ప్లీజ్, ఇక్కడ వద్దు. మీరు పైకి రండి, కూర్చుని డిస్కస్ చేద్దాం" అంది. వెంకట్ ముఖం మాడిపోయింది. విశ్వేశ్వరరావుగారు గడ్డం పైకెత్తారు.

"ఏవండీ!" అని రాజరాజేశ్వరిగారు గాభరాగా కేకేశారు.

ప్లేయర్ టక్కుమంది. అది ఒక వైపు అయిపోతే తనంతట తానే రెండో వైపు పాడే రకం. ఆ సంగతి విశ్వేశ్వరరావుగారికి తెలుసు. రెండో వైపు ఏముందో మాత్రం మరిచిపోయి చాలా కాలమైంది. ఆవిడ మరిచిపోలేదు.

ముందు ఒక కుక్కరు విజిల్ వినిపించింది. ఆ తర్వాత నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు. "మి... మిత్రులారా..."

"ఏవిటండీ ఆ గొంతు? పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు! గట్టిగా అనండి!" అంది ఇంకో గొంతు. అది ఆడ గొంతు.

"నా వల్ల కాదు రాజ్యం. రేపు నాకు జ్వరమని కబురు పెట్టెయ్."

"జ్వరం లేదు, గిరం లేదు. నేను చెప్పినట్టు చెప్పండి చాలు. ముద్దాయిలమా అన్నాక ఆగాలి. వాళ్లు అరుస్తారు. అరిచాకే టీ సంగతెత్తాలి."

"అసలు ఆ ముద్దాయిల మాటకి నాకు నోరు తిరగడం లేదు. అంతా నువ్వే చెప్పావుగా, నువ్వే ఒకసారి అను, రికార్డయ్యాక మళ్లీ మళ్లీ విని నేర్చుకుంటా."

గేటు ముందు జనమంతా స్పీకర్ల వైపు చెవులు తిప్పారు. యాదగిరి కూడా వాకీటాకీ కిందికి దించాడు. విశ్వేశ్వరరావుగారు స్పీకర్లకి అడ్డంగా నిలబడదామని చూశారు గానీ, స్పీకర్లు రెండు, ఆయన ఒక్కరు.

అప్పుడు మొదలైంది అసలు ఉపన్యాసం. కుక్కరు విజిళ్లను కూడా మింగేసే గొంతుతో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఎక్కడ విసరాలో అక్కడ విసురుతూ ఆ ఆడ గొంతు చెప్పుకుపోయింది. ధర్నాలో ఆయన చెప్పడం మరిచిపోయిన ముక్క కూడా అందులో ఉంది. "లెక్కే కావాలంటే రెండు వైపులా కట్టండి! టీకి పోయిన నిమిషాలు మీరు తీసుకోండి, ఇంటికి మోసుకెళ్లి చేసిన గంటలు మాకివ్వండి!"

ఆ తర్వాత లేచిన చప్పట్లు, ఇందాకటివాటిని చప్పట్లని ఎందుకన్నామా అనిపించేలా ఉన్నాయి.

"ఆ మేడమ్ ఎవరు?" అంది సంయుక్త.

అందరూ వెనక సీటు వైపు చూశారు. రాజరాజేశ్వరిగారు చీర కొంగు సర్దుకుని, సున్నుండల డబ్బా పట్టుకుని, నిదానంగా దిగారు. కావ్య ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. వెంకట్ తల దించుకుని వెంట నడిచాడు. వెనకే వెళ్లబోయిన విశ్వేశ్వరరావుగారికి యాదగిరి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మకొక్కదానికే పాస్ ఇచ్చిన్రు సార్. మీరు జర బండి కాడనే ఉండుండ్రి."

ఆయన బండి దగ్గరే ఉన్నారు. కేసెట్ అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్లీ అటు తిరిగింది. టీ బండి దగ్గరి ఆఫీసు పిల్లలు రెండో వైపు వచ్చినప్పుడల్లా దగ్గరికొచ్చి, మొదటి వైపు రాగానే టీ తాగడానికి వెళ్లిపోతున్నారు.

రాజరాజేశ్వరిగారు ఖాళీ డబ్బాతో తిరిగొచ్చారు. రాత్రిపూట ఫోన్లలో చేసే పని కూడా లెక్క కట్టమన్నారట. వెంకట్ లెక్క కట్టి చూపించాడట. ఆ అంకె చూసి సంయుక్త మంచినీళ్లు తాగి, అసలు టీ లెక్కే తీసేస్తున్నామని చెప్పిందట.

"వాణ్ణేమీ అనకండి, పాపం, వాడే ఒప్పించాడు" అని ఆవిడ ఈసారి ముందు సీట్లో కూర్చున్నారు.

కారు కదిలింది. ఉపన్యాసం వెంటే కదిలింది. కాసేపటికి విశ్వేశ్వరరావుగారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"అందుకేనా, ప్రతిసారీ చివర్లో ఆపేసేదానివి?"

"మీ చప్పట్లు మీకుండాలి కదండీ" అన్నారావిడ.

ఇన్నేళ్లు ఆవిడ మీద పెట్టుకున్న కోపమంతా ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో ఆయనకి తోచలేదు. కొండాపూర్ సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ప్లేయర్ టక్కుమని రెండో వైపుకి తిరిగింది, కుక్కరు విజిల్ వేసింది. చుట్టుపక్కల బైకుల వాళ్లంతా తలలు తిప్పారు.

"షాపు ఇక్కడే. ఇవాళే పీకించేద్దాం దీన్ని! టచ్ స్క్రీనే మేలు!" అన్నారు విశ్వేశ్వరరావుగారు మండిపడుతూ.

"ఎందుకండీ? ఎంత మంది వింటున్నారో చూడండి" అన్నారు రాజరాజేశ్వరిగారు.

ఆయన డాష్‌బోర్డు అరలోంచి పట్టకారు తీసి, ఆవిడ చేతిలో పెట్టేశారు.